రెండో రబ్బరు రింగు

"ఒక్క మనిషి. ఒక్క అంబులెన్స్. వంతెన దాటించాలి. అవతల ప్లేన్ రెడీగా ఉంటుంది," అన్నాడు చీఫ్. "ప్రశ్నలున్నాయా?"

"డ్రైవర్ ఎవరు సార్?"

"నువ్వే."

ఆ ఏజెంటుకి డిపార్ట్‌మెంటులో మొండిఘటం అని పేరు. విసుగెత్తిపోయి ఆ పేరు పెట్టింది చీఫే.

దాటించవలసిన మనిషి ఒక కెమిస్టు, అరవై దాటిన ఆవిడ. విదేశీ ముఠా ఒకటి ఆవిడ చేత విషవాయువు ఫార్ములా పూర్తి చేయించాలని చూసింది. ఆవిడ సగంలో ఆపేసి, "మిగతా సగం నా తలలోనే ఉంటుంది. దమ్ముంటే తీసుకోండి" అని మొహం మీదే చెప్పి వచ్చేసింది. దొరికిందంటే నోరు విప్పించే మార్గాలు వాళ్ళకి చాలా ఉన్నాయి.

తోడుగా ముత్యం. ముఠాలో ఉంటూ మనకి కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంటు. నర్సు యూనిఫారం వేసినా సినిమా పోస్టర్‌లోంచి దిగివచ్చినట్టే ఉంది. చీఫ్‌కి ఆమె మీద గురి. మొండిఘటానికి ఎవరి మీదా గురి లేదు. అందుకే ఆ ఉదయం అంబులెన్సు డీజిల్ ఫిల్టర్ కూడా తన చేత్తోనే మార్చుకున్నాడు.

వాళ్ళ గరాజ్‌లో ఒక పద్ధతి ఉంది. పాత ఫిల్టర్ తాలూకు రబ్బరు రింగుని పారెయ్యరు, బండి తాళానికి తగిలిస్తారు. ఆ రింగు ఒక్కోసారి ఇంజను వైపే అతుక్కుపోయి ఉండిపోతుంది. చూసుకోకుండా కొత్త ఫిల్టర్ బిగిస్తే రింగు మీద రింగు పడి డీజిల్ కారుతుంది. తాళానికి రింగు వేలాడుతోందంటే పాతది బయటికి వచ్చేసిందని డ్రైవరుకి ధీమా.

ముత్యాన్ని బండి దగ్గర కాపలా ఉంచి అతను కెమిస్టుని దాచిన మేడ ఎక్కాడు. పేషంటు వేషంలో ఉన్న కెమిస్టుని స్ట్రెచర్ మీద దింపాడు. బయలుదేరారు.

వంతెన ముందున్న చివరి మలుపు తిరిగారో లేదో ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. డీజిల్ వాసన గుప్పుమంది. బండి కింద ధార.

"అయ్యో, లీకు!" అంది ముత్యం. "దీన్ని వదిలేద్దాం. మనవాళ్ళ నల్లకారు వెనకే వస్తోంది, అందులో పోదాం."

ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు ఖంగుమంది. "ఆమె చెప్పినట్టు చెయ్. ఇది ఆర్డర్."

"చెయ్యను సార్."

"ఏంటీ?"

"చెయ్యనన్నాను. నేను బిగించిన ఫిల్టర్ కారదు. కారిందంటే ఏదో తేడా ఉంది."

బానెట్ ఎత్తాడు. డిపార్ట్‌మెంటు అతనికి కెమెరా వాచీ ఇచ్చింది, మత్తుసూది దాచిన పెన్ను ఇచ్చింది. ఫిల్టర్ విప్పే స్పానర్ ఇవ్వాలని మాత్రం ఏ మేధావికీ తట్టలేదు. నడుము బెల్టు తీసి ఫిల్టర్ చుట్టూ బిగించి తిప్పాడు. నిండా డీజిల్‌తో ఊడి వచ్చింది. నెత్తిన రెండు రింగులు!

జేబులోంచి తాళం తీసి చూశాడు. పాత రింగు దానికే వేలాడుతోంది. అంటే ఈ రెండోది తరువాత ఎవరో ఇరికించినది. అతను మేడ ఎక్కి దిగేలోగా బండి దగ్గరున్నది ఒక్కతే.

"తెలిసిపోయిందా?" ముత్యం చేతిలో పిస్తోలు మెరిసింది. "పక్కకి జరుగు. పెద్దావిడని నాకొదిలెయ్."

ఫిల్టర్‌లోని డీజిలంతా ఆమె మొహాన కొట్టాడు. తూటా గాల్లోకి పోయింది. మరుక్షణం పెన్ను ఆమె భుజంలో దిగింది.

అదనపు రింగు పీకి పారేశాడు. ఉన్న రింగుకి వేలితో డీజిల్ రాసి, ఫిల్టర్‌ని చేత్తోనే బిగించాడు. అయినా లాభం లేదు. లైన్లో గాలి చేరింది, అది పోయేదాకా ఇంజను అంటుకోదు. దూరంగా ముఠావాళ్ళ నల్లకారు చప్పుడు వినిపించింది. అతనికి నిజంగానే భయం వేసింది.

కెమిస్టు స్ట్రెచర్ దిగి వచ్చింది. "నేనేం చెయ్యను బాబూ?"

"పరుగెత్తండమ్మా. వంతెన ఎదురుగానే ఉంది. నేను వాళ్ళని ఆపుతాను."

"పరుగెత్తింది చాలు. పని చెప్పు."

వాదించే టైము లేదు. "ఫిల్టర్ పైనున్న ఆ పంపు బొత్తాం నొక్కుతూ ఉండండి, గాలంతా పోయి గట్టిపడేదాకా."

ఆవిడ రెండు బొటనవేళ్ళతో పళ్ళబిగువున నొక్కింది. ఒక చేత్తో జారిపోతున్న ప్యాంటు పట్టుకుని, రెండో చేత్తో అతను ముత్యాన్ని బండిలోకి లాగాడు.

"గట్టిపడింది!" అని అరిచింది ఆవిడ.

తాళం తిప్పాడు. అంటుకోలేదు. మళ్ళీ తిప్పాడు. ఇంజను బుర్రుమంది. నల్లకారు అప్పుడే మలుపులోకి దూసుకొచ్చి, అంబులెన్సుని చూసి సడన్ బ్రేక్ వేసింది. మలుపంతా ముత్యం కార్పించిన డీజిలే. కారు బొంగరంలా తిరిగి పక్క కాలువలో కూలబడింది.

అంబులెన్సు దాటగానే వంతెన మీద మన సైనికులు అడ్డుకర్ర దించేశారు.

"నా ఆర్డర్ ఎందుకు వినలేదు?" గర్జించాడు చీఫ్.

కెమిస్టు ఇయర్‌పీస్ లాక్కుంది. "ఆయన మీ మాట వినలేదు. నేను వాళ్ళ మాట వినలేదు. అందుకే ఇద్దరం బతికున్నాం. ఇంకేమైనా అడగాలా?"

చీఫ్ ఆ సంగతి వదిలేసి, ప్లేన్‌లో ఎంతమందికి చోటు కావాలని అడిగాడు.

"ముగ్గురికి," అంది ఆవిడ. "ఇద్దరం కూర్చుని వస్తాం. మీ నర్సమ్మ స్ట్రెచర్ మీద వస్తుంది."