అన్న దగ్గర కారు, తమ్ముడి దగ్గర కార్బురేటర్

పొద్దున్న ఏడు కాగానే ఫిల్మ్‌నగర్‌లో బసవపున్నయ్య ఇంటి ముందు పాత ప్రీమియర్ పద్మిని దగ్గడం మొదలుపెట్టింది. యాక్సిలరేటర్ తొక్కితే అది ముందు ఆలోచిస్తుంది, తర్వాత దగ్గుతుంది, ఆ పైన ఇష్టమైతే కదులుతుంది.

"సార్, గా బండికి జర కషాయం పొయ్యరాదుండ్రి," అంది వంటమనిషి కౌసల్య. భార్య పోయాక ఆ ఇంట్లో ఆయనతో మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే. అదీ కూర ఉడికేవరకే.

తండ్రి పోయాక అన్నదమ్ములు పెద్దమనుషుల్లా ఆస్తి పంచుకున్నారు. అంటే చెంచాలతో సహా పంచుకున్నారు. కారొక్కటే రెండుగా తెగలేదు. అది అన్నకి వచ్చిన రోజునే తమ్ముడు రవిచంద్ర, "కార్బురేటర్ కడిగి తెస్తా అన్నయ్యా," అని విప్పి శ్రీనగర్ కాలనీకి పట్టుకుపోయాడు. ఐదేళ్ళయింది. ఇంకా కడుగుతూనే ఉన్నాడు. బసవపున్నయ్య ఏదో పాత వ్యానుది తెచ్చి బిగించారు. ఎవరిదో పళ్ళసెట్టు పెట్టుకున్నట్టయింది కారు పని.

నెలకోసారి ఆయన ఫోన్ చేసి తిట్టేవారు. తమ్ముడు శ్రద్ధగా విని, "ఇస్తాలే," అనేవాడు. ఇద్దరి మధ్యా మిగిలిన చుట్టరికం అంతే.

ఆ రోజు పక్క వీధిలో షూటింగ్. పాతకాలం కథట, కారు కావాలన్నారు. నాన్న సినిమాల్లో ప్రొడక్షన్ మేనేజర్‌గా ఆ కారులోనే జీవితమంతా తిరిగారు. అది తెరమీద కనబడాలని బసవపున్నయ్య ఆశ. తనకే వేషం ఇచ్చినట్టు ఇస్త్రీ చొక్కా వేసుకెళ్ళారు.

హీరో కోపంగా కారెక్కి వెళ్ళిపోవాలి. ఎక్కాడు. కారు ఆలోచించింది. మూడో టేకుకి హీరో కోపం తగ్గిపోయింది.

"కారు ఆగి ఉండే సీను పడితే పిలుస్తాం సార్," అన్నాడు డైరెక్టర్ మర్యాదగా.

బసవపున్నయ్య అటునించటే శ్రీనగర్ కాలనీకి వెళ్ళారు. కారు దారంతా దగ్గింది. ఆయన దారంతా తిట్టారు.

రవిచంద్ర లుంగీలో, ఉప్మా ప్లేటుతో తలుపు తీశాడు. పెళ్ళి చేసుకోని మనిషి. హాల్లో టీవీ ఎవరూ చూడకుండానే మోగుతోంది.

"నాన్న పరువు తీశావు కదరా! ఇవాళ తేల్చు. ఇస్తావా, ఇవ్వవా?"

"కూర్చో అన్నయ్యా. ఉప్మా తింటావా?"

"ఆ కార్బురేటర్‌తో నువ్వేం చేస్తున్నావురా, చట్నీ రుబ్బుకుంటున్నావా?"

రవిచంద్ర లోపలికెళ్ళి ఒక మిఠాయి డబ్బా తెచ్చాడు. అందులో మెత్తటి గుడ్డలో కార్బురేటర్. మురికి చుక్క లేదు. గ్యాస్కెట్ కూడా కొత్తది. పెళ్ళిచూపులకి ముస్తాబైనట్టుంది.

"ఇదెప్పుడు బాగుచేశావు?"

"తెచ్చిన వారమే."

"మరి తెచ్చి ఇవ్వడానికేం రోగం?"

రవిచంద్ర ప్లేటు కింద పెట్టాడు. "ఇచ్చేస్తే నువ్వింక ఫోన్ చెయ్యవు కదా అన్నయ్యా."

టీవీలో ఎవరో వంట చేస్తూ తెగ నవ్వుతున్నారు. బసవపున్నయ్య రిమోట్ కోసం వెతికారు. దొరకలేదు. వెతుకుతున్నట్టే చాలాసేపు అటు తిరిగి నిలబడ్డారు.

"తిట్టడానికేగా చేసేది," అన్నారు చివరికి.

"తిట్టేముందు 'తిన్నావా' అని అడుగుతావుగా."

మరి కాసేపటికి ఇద్దరూ ఎండలో, బానెట్ కింద తలలు దూర్చారు. ఒకరు బిగిస్తుంటే ఇంకొకరు అలా కాదన్నారు. వ్యానుది ఊడింది, అసలుది కూర్చుంది.

"నువ్వే నడుపు," అన్నారు బసవపున్నయ్య.

రవిచంద్ర యాక్సిలరేటర్ మీద కాలు పెట్టాడు. కారు ఏమీ ఆలోచించలేదు.

కాలనీ చుట్టూ ఒక్క రౌండే అనుకున్నారు. రౌండయింది, ఇల్లొచ్చింది. రవిచంద్ర ఆపలేదు. ఎందుకాపలేదని అన్న అడగలేదు. మళ్ళీ ఇల్లొచ్చింది, నీలం గేటు ముందు కారు కాస్త నెమ్మదించింది, మళ్ళీ దాటిపోయింది.

నాలుగోసారి, ఎదురింట్లో కొత్తగా దిగినావిడ, పాపం వీళ్ళకి ఇల్లు దొరకడం లేదనుకుని, బాల్కనీలోంచి వంగి, "అదేనండీ, ఆ నీలం గేటే!" అని గట్టిగా అరిచింది.

అన్నదమ్ములిద్దరూ కళ్ళు తుడుచుకుని ఆవిడకి బుద్ధిగా దణ్ణం పెట్టి, ముందుకెళ్ళిపోయారు.