మెయిన్ స్విచ్ వేసిందెవరు?

"నా పనిముట్ల సంచి ఏదండీ?... మిమ్మల్నే! తొమ్మిదిన్నరకి పరీక్ష!"

మంచం కింద, బీరువా పైన, తలుపు వెనక... ఇల్లంతా గాలించింది ఆమె. ఎక్కడా లేదు! భర్త మాత్రం కిటికీ పక్క కుర్చీలో ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నాడు. కుడిచెయ్యి ఎప్పటిలాగే తువ్వాలు కింద ఉంది.

"నేనే దాచాను," అన్నాడు చివరికి. "నువ్వు వెళ్ళడం లేదు. నేర్చుకున్నది చాలు!"

ఏడాది కష్టం... ఈ ఒక్క పూట కోసం!

ఒకప్పుడు చుట్టుపక్కల ఎవరింట్లో దీపం వెలగకపోయినా కబురు ఆయనకే వచ్చేది. అందరూ 'కరెంటు మేస్త్రి' అని పిలుచుకునేవారు. నాలుగేళ్ళ కిందట ఒక మిల్లులో పనిచేస్తుండగా షాక్ కొట్టి కుడిచేతి వేళ్ళు కాలి ముడుచుకుపోయాయి. ప్రాణం దక్కింది గానీ పని పోయింది! తను ఆపిన మెయిన్ స్విచ్‌ని, తోడుగా వచ్చిన తమ్ముడే మళ్ళీ వేశాడని ఆసుపత్రి మంచం మీదే చెప్పాడాయన. "నేను ముట్టుకోలేదమ్మా!" అని తమ్ముడు తల్లి కాళ్ళ మీద పడి ఏడ్చినా ఎవరూ నమ్మలేదు. "అన్న బతుకు బుగ్గి చేశావు, నా కళ్ళ ముందు ఉండకు!" అని ఆ తల్లే పంపేసింది. ఆ తర్వాత ఆ ఇంట్లో చిన్నకొడుకు ఊసే లేదు...

ఇల్లు నిలబడాలంటే ఎవరో ఒకరి చేతిలో పనుండాలి కదా! కాలేజీలో వైరింగ్ కోర్సుకి వయసుతో నిమిత్తం లేదని విని ఆమె చేరింది. ఇరవైమంది కుర్రాళ్ళ మధ్య నలభై రెండేళ్ళ ఆడమనిషి! మొదట్లో ఆమె నిచ్చెనెక్కితే ముసిముసిగా నవ్వుకున్నవాళ్ళే మూడో నెలకల్లా "అక్కా, ఈ వైరు ఎటు పోతోందో కాస్త చూడవా" అని వెంటపడ్డారు. అత్తగారైతే వంటిల్లు తన నెత్తినేసుకుని, "నువ్వెళ్ళమ్మాయ్, నేను చూసుకుంటాగా" అనేది. భర్త ఒక్కడే ముభావంగా ఉండిపోయాడు.

"నేను ప్యాంటు వేసుకుని నిచ్చెనెక్కితే మీకు నామోషీ. అంతేగా!" అంది ఆమె కన్నీళ్ళు తుడుచుకుంటూ.

"నామోషీ కాదే... భయం!" ఆయన తువ్వాలు కింది చెయ్యిని దగ్గరికి లాక్కున్నాడు. "నువ్వు వైరు పట్టుకున్నప్పుడు ఎవడో వెనక నుంచి మెయిన్ వేస్తే?"

"మెయిన్ ఆపగానే దానికి తాళం వేసి, తాళంచెవి నా జేబులో పెట్టుకుంటే ఎవరు వేస్తారండీ? మొదటి పాఠమే అది!"

అనేసి చటుక్కున నాలిక కరుచుకుంది. ఆలస్యమైపోయింది! గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంది.

"తాళమా? ఏం తాళం?"

"ఏం లేదత్తయ్యా..."

"నా దగ్గర దాచకు! వీడి పాత సంచిలో కూడా ఎర్రతాళం ఒకటుంది కదా, కవరు కూడా విప్పనిది?"

ఆమె తలొంచుకుంది. భర్త మొహం పాలిపోయింది. భార్య వైపే చూస్తూ నెమ్మదిగా అడిగాడు. "నీకు... ఎప్పటి నుంచి తెలుసు?"

"రెండో వారం నుంచి. మాస్టారు ఆ తాళం దేనికో చెప్పిన రోజునే, దాని కవరే విప్పని మనిషి అసలు మెయిన్ ఆపాడా అని అనుమానం వచ్చింది. ఆ పూట అన్నం సహించలేదు."

"మరి ఒక్క మాటైనా అడగలేదే!"

"ఎలా అడగనండీ?... చెయ్యి పోయిన మనిషిని, మాట కూడా పోగొట్టుకోమననా? మీరే చెబుతారని ఎదురుచూశాను. చూస్తూనే ఉన్నాను! అక్కడ మరిది ఉసురు, ఇక్కడ మీ పరువు... మధ్యలో నలిగిపోయాను!"

ఆయన కుర్చీలోంచి జారి తల్లి ముందు కూలబడ్డాడు. "వాడు వేయలేదమ్మా! అసలు నేనే మెయిన్ ఆపలేదు. త్వరగా ముగిద్దామని కరెంటు ఉండగానే పెట్టె తెరిచేశాను. ఎలా జరిగిందని అందరూ అడుగుతుంటే... భయపడి వాడి పేరు చెప్పాను..."

తల్లి కొట్టలేదు, తిట్టలేదు. గోడ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "నిజం చెప్పిన బిడ్డని నా చేతులతోనే గెంటేశానురా!" అని మాత్రం అంది.

కాసేపటికి ఆ పెద్దావిడే తేరుకుంది. "దాని సంచి దానికివ్వరా. ముందు అదైనా నిలబడనీ!"

ఆయన మారుమాట లేకుండా లేచి, బియ్యం డబ్బా వెనక నుంచి సంచి తీసి ఎడమచేత్తో అందించాడు.

పరుగు పరుగున వెళ్ళినా పావుగంట ఆలస్యమే! "పోయిన టైము తిరిగివ్వలేనమ్మా," అన్నారు మాస్టారు. మెట్ల దీపం పని అది. కింద ఒక స్విచ్, పైన ఒక స్విచ్. రెండింటితోనూ వెలగాలి, ఆరాలి. మెయిన్ ఆపి, తాళం వేసి, వైర్లలో కరెంటు లేదని టెస్టర్ పెట్టి చూసుకుంది. అంతా బిగించి మెయిన్ వేసి చూస్తే పై స్విచ్ పనిచేసింది, కింది స్విచ్‌కి ఉలుకే లేదు. ఇంకా ఎనిమిది నిమిషాలే!... మళ్ళీ మెయిన్ ఆపింది, మళ్ళీ తాళం వేసింది. ఒక్కొక్క వైరూ వేలితో తడుముతూ వెళ్ళింది. దొరికింది! ఒక కొస పక్క మరలో బిగించేసింది తొందరలో. మార్చి బిగించి, తాళం తీసి మెయిన్ వేసి, కింద నొక్కింది. బల్బు వెలిగింది. పైన నొక్కింది. ఆరింది.

"ఆలస్యమైనా మెయిన్ ఆపడం మరిచిపోలేదు, అదీ పనితనమంటే!" అంటూ మాస్టారు కాగితం మీద సంతకం పెట్టారు.

బయటికొస్తే వరండా బెంచీ మీద భర్త, అత్తగారు! ఆయన చేతిలో ఫోను ఉంది. తమ్ముడి నంబరు తెరిచి పెట్టుకున్నాడు గానీ నొక్కలేదు.

"పాసయ్యానండీ," అంది ఆమె.

ఆయన తలెత్తి చూశాడు. కళ్ళు చెమర్చాయి. "నువ్వు చెయ్యవూ... నీ మాటైతే వింటాడు..."

"లేదండీ. ఇది మీరే చెప్పాలి," అని పక్కన కూర్చుంది.

ఎడమ బొటనవేలితో నొక్కాడు. మొదటిసారి అటువైపు తమ్ముడు కట్ చేశాడు. రెండోసారి ఎత్తాడు.

"ఒరేయ్... నువ్వు మెయిన్ ముట్టుకోలేదు. అమ్మకి నిజం చెప్పేశాన్రా..."



"చెయ్యి... ఇప్పుడు నొప్పి తగ్గిందా అన్నయ్యా?"

అంతే! పొద్దున్నుంచీ బిగబట్టుకున్న మనిషి వలవలా ఏడ్చేశాడు. తల్లి ఫోను లాక్కుంది. "ఇంటికి రా నాన్నా! ఈ పాపిష్టిదాన్ని క్షమించరా!"

"ఇప్పుడే రాలేనమ్మా... నాలుగేళ్ళు... కానీ రేపు మళ్ళీ ఫోన్ చెయ్యమను. అన్నయ్యనే చెయ్యమను."