మొహం లేనావిడకి టచప్

రైలు కట్ట కింద ఉన్న ఆ సొరంగం సంగతి చుట్టుపక్కల అందరికీ తెలుసు. పగలంతా సైకిళ్ళు, స్కూలు పిల్లలు, తోపుడు బళ్ళు... చీకటి పడిందంటే మాత్రం పిల్లి కూడా అటు తొంగిచూడదు.

సరిగ్గా మధ్యలో, నీళ్ళు కారే గోడ దగ్గర, ఒకావిడ అటు తిరిగి నిలబడి ఏడుస్తూ ఉంటుందట. "ఎందుకమ్మా ఏడుస్తున్నావ్?" అని అడిగామా — నెమ్మదిగా ఇటు తిరుగుతుంది. తిరిగాక చూడ్డానికేమీ ఉండదు. కళ్ళు లేవు, ముక్కు లేదు, నోరు లేదు. ఒలిచిన కోడిగుడ్డులా నున్నగా... అంతే.

ఇది చెప్పేవాళ్ళలో కళ్ళారా చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. చూసినవాళ్ళు చెప్పే స్థితిలో లేరని మిగతావాళ్ళు చెప్పేవాళ్ళు.

అలాంటి చోటికి ఒక డైరెక్టరు సినిమా తీయడానికి వచ్చాడు.

స్టార్లు లేరు, పాటలు లేవు, వెనక పెద్ద కంపెనీ లేదు. జపాన్ జానపద కథల్లో మొహం లేని దెయ్యం ఒకటుందట, దాన్ని పట్టుకుని కథ అల్లుకున్నాడు. ఆ దేశం ఎప్పుడూ వెళ్ళిన పాపాన పోలేదు గానీ, "మన దెయ్యాలకి క్రమశిక్షణ లేదండీ. అరుస్తాయి, గెంతుతాయి. జపాన్ దెయ్యాన్ని చూడండి, ఊరికే నిలబడుతుంది!" అంటూ టీ తెచ్చినవాళ్ళకి కూడా క్లాసు పీకేవాడు. యూనిట్ అంతా చాటుగా అతన్ని 'జపాన్ గారు' అనేది. ఈ సొరంగంలోనూ అలాంటావిడే ఉందని ఎవరో చెబితే, "కాపీ" అని కొట్టిపారేశాడట.

మొహం లేకుండా చేసే పని మేకప్ అక్కది. ఇరవై ఏళ్ళ చెయ్యి. దెయ్యం వేషం వేసింది ఆవిడ సొంత చెల్లెలే. పల్చటి రబ్బరు పొర మొహమంతా పరిచి, జిగురుతో అంటించి, అంచులు చర్మంలో కలిసిపోయేలా రంగు అద్దాలి. ఊపిరి ఆడ్డానికి కింద రెండు సన్నటి కన్నాలు.

మూడో రాత్రి జపాన్ గారి కళ్ళు మానిటర్లో ఆ కన్నాల మీద పడ్డాయి.

"మూసెయ్యండి."

"ఊపిరెలా సార్?"

"రెండు నిమిషాల షాటమ్మా. కళ కోసం రెండు నిమిషాలు బిగబట్టలేరా?"

మేకప్ అక్క మూయలేదు గానీ, ఇంకా చిన్నవి చేసింది. మూడు టేకులయ్యేసరికి చెల్లెలు గోడకి ఆనుకుంది. నాలుగో టేకులో ఊపిరాడక గోళ్ళతో గోడ గీరింది.

"అద్భుతం! ఆ గోళ్ళు చూశారా... ఇంకోసారి!" అన్నాడాయన.

లైట్లు సర్దే సందు చూసుకుని, అక్క ఎవరికీ చెప్పకుండా చెల్లెల్ని రెక్క పట్టుకుని అవతలి వైపు నుంచి వ్యానులోకి లాక్కెళ్ళింది. తలుపేసి పొర పీకేసింది. లోపల పెదాలు నీలంగా ఉన్నాయి.

"ఇంక... వెళ్ళనక్కా."

"నిన్నెవరు పంపిస్తున్నారే? కూర్చో."

అంతలో బల్ల మీది వాకీటాకీ జపాన్ గారి గొంతుతో గరగరమంది.

"రెడీ... రోలింగ్... యాక్షన్!"

అక్కాచెల్లెళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పీకిన రబ్బరు పొర బేసిన్లోనే ఉంది. దెయ్యం వేషం తెల్ల గౌను చెల్లెలి ఒంటి మీదే ఉంది, రెండోది హాంగరుకే వేలాడుతోంది. మరి అక్కడ — నిలబడిందెవరు?

"శభాష్ అమ్మా! ఈసారి ఊపిరి పీలుస్తున్నట్టే లేదు. కట్. బాగానే ఉంది గానీ... ఇంకోసారి."

ఆరో టేకు. ఏడు. "భుజాల్లో దుఃఖం చాలడం లేదమ్మా!" తొమ్మిది. "ఇంత చప్పగా ఏడిస్తే ఎవరు భయపడతారు? జపాన్‌లో అయితేనా..."

పదకొండో టేకు అయ్యాక — "మేకప్! ఎక్కడున్నారు? మొహం మెరుస్తోంది, వచ్చి టచప్ చెయ్యండి!"

"వెళ్ళకే అక్కా..." చెల్లెలు కొంగు పట్టుకుంది.

"వెళ్ళకపోతే అతనే ఇక్కడికొస్తాడు. నిన్ను చూశాడంటే మళ్ళీ అంటించమంటాడు." ఎవరినో నిలబెట్టి ఉంటార్లే అని తనకి తనే సర్దిచెప్పుకుని, పౌడరు పఫ్ పుచ్చుకుని దిగింది.

సొరంగం మొదట్లో అందరూ మానిటర్ చుట్టూ మూగి ఉన్నారు. సౌండు చూసేవాడొక్కడు హెడ్‌ఫోన్లు తీసి చేత్తో పట్టుకుని, తెల్లమొహం వేసుకుని కూర్చున్నాడు. పక్కనుంచి వెళ్తుంటే గొణిగాడు — "గంట నుంచి వింటున్నా అక్కా. ఏడుపుంది... ఊపిరి చప్పుడు లేదు."

నలభై అడుగులు. తెల్లగా, అటు తిరిగి, ఒక ఆకారం.

"ఇటు తిరగమ్మా," అంది అలవాటు కొద్దీ.

తిరిగింది.

మేకప్ అక్క కళ్ళు ముందు అతుకు కోసం వెతికాయి. చెవుల పక్కన లేదు. గడ్డం కింద లేదు. కన్నాలూ లేవు. మెరుస్తున్నది చెమట కాదు. కళ్ళుండాల్సిన చోట, ఉత్త చర్మంలోంచి... నీళ్ళు ఊరుతున్నాయి.

ఒళ్ళు చల్లబడిపోయింది.

"త్వరగా కానివ్వండి!" వెనక నుంచి జపాన్ గారు.

చెయ్యి దానంతటదే లేచింది. పఫ్ ఆనింది. ఐసుగడ్డ మీద గుడ్డ పెట్టినట్టుంది. ఆ ఆకారం తల కాస్త వంచి చెంప అందించింది — రాత్రంతా నిలబడి అలిసిపోయిన నటీమణులు అందిస్తారే, అచ్చం అలాగే. నోరుండాల్సిన చోట చర్మం సన్నగా అదిరింది.

"ఇంకా... ఎన్ని?"

మేకప్ అక్కకి భయం ఎటు పోయిందో పోయింది. ఆ గొంతులో ఉన్న నీరసం ఆవిడకి తెలుసు. గంట క్రితం చెల్లెలి గొంతులో విన్నదే.

"వెళ్ళిపో తల్లీ," అంది గుసగుసగా. "ఇతనికి చాలు అనడం చేతకాదు. నేను అడ్డం నిలబడతా... నువ్వెళ్ళిపో."

కెమెరాకి వీపు పెట్టి, చేతులు చాపి, కాసేపు గాల్లోనే పౌడరద్దింది. చెయ్యి దించేసరికి ఎదురుగా తడిగోడ తప్ప ఏమీ లేదు.

"ఏదీ? నా దెయ్యమేదీ? ఎవరు పంపించారు?" జపాన్ గారు చిందులు తొక్కుతూ వచ్చాడు.

ఒంటరిగా ఉండలేక చెల్లెలు కూడా అప్పుడే వచ్చింది, దుప్పటి కప్పుకుని, తన మొహంతో.

"నాలుగో టేకు అయినప్పట్నుంచి ఇది నా దగ్గర వ్యానులోనే ఉంది సార్," అంది మేకప్ అక్క.

ఆయన చెల్లెల్ని చూశాడు. గోడని చూశాడు. వెనక్కి తిరిగి, దూరంగా మానిటర్లో ఆగిపోయి ఉన్న ఆ నున్నటి మొహాన్ని చూశాడు. పడిపోతే పట్టుకుందామని ఇద్దరు వెనక చేరారు.

జపాన్ గారు కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నాడు.

"రేపు ఆవిడ డేట్స్ ఉన్నాయేమో కనుక్కోండి."

అవతలి చీకట్లో ఒక్కసారిగా అడుగుల చప్పుడు. అందరూ కొయ్యబారిపోయారు. ఆ చప్పుడు దగ్గరికి రావడం లేదు... దూరమవుతోంది. నడక కాదది —

పరుగు.