బండి వెనక మూడక్షరాలు

రేపల్లె చర్చిలో వెండి పాత్ర మాయమైంది.

ప్రభురాత్రి భోజనానికి వాడే పాత్ర అది. తొంభైలో వచ్చిన తుఫానుకి చర్చి పైకప్పు లేచిపోయినా బీరువాలో భద్రంగా మిగిలింది. ఆదివారం పొద్దున తెరిస్తే లేదు. తాళం పగల్లేదు. తాళంచెవి ఉండేది గంట కొట్టే ఎజ్రా దగ్గరే. ముప్పయ్యేళ్లుగా ఆయన దగ్గరే.

ఎస్సై రాజారత్నం వచ్చాడు. అంగలకుదురులో పుట్టినవాడు, ఇదే మతంవాడు, కానీ ఈ ఊరికి కొత్త.

“పాత్ర ఏదిరా?”

“తెలీదండి.”

“బీరువా ఎవరికి తెరిచావు?”

“నిన్న జర్మనీ నుంచి వచ్చినాయనకండి. మంచినీళ్లడిగితే తేవడానికెళ్లాను. వచ్చేసరికి ఆయనే తలుపు మూసేశాడు. నేను తాళం...”

చెంప ఛెళ్లుమంది. సంఘమంతా చూస్తుండగానే.

జర్మనీ ఆయన అంటే వరప్రసాదం. కొత్త కప్పు వేయిస్తానంటూ ఎడమవైపు స్టీరింగున్న పెద్ద కారులో దిగాడు. జర్మనీ నుంచి రోడ్డు మీదే నడుపుకొచ్చానన్నాడు. కారు వెనక కోడిగుడ్డు ఆకారంలో తెల్లటి బిళ్ల, దాని మీద ఐ.ఎన్.డి. అని నల్లటి అక్షరాలు. ఊరు నోరెళ్లబెట్టింది. రాజారత్నమైతే సెల్యూట్ కొట్టి, పొలిమేర దాకా జీపులో సాగనంపాడు. అంతటివాడి మీద నింద వేస్తాడా అని ఒళ్లు మండింది మరి.

ఎజ్రాని స్టేషన్లో కూర్చోబెట్టారు. ఇల్లంతా సోదా చేశారు. ఏమీ దొరకలేదు. భార్య కాంతమ్మ క్యారియర్ తెస్తే ముట్టలేదు. దొంగ అన్న మాట పోయేదాకా మెతుకు దిగదన్నాడు.

మర్నాడు రాజారత్నం తెనాలి వెళ్దామని బస్టాండుకొచ్చాడు. బస్సు ఆగింది. కండక్టరు దిగి, అద్దం ముందున్న రేపల్లె బోర్డు తీసి తెనాలి బోర్డు పెట్టాడు. రాజారత్నం ఆ బోర్డు వంకే చూస్తూ నిలబడిపోయాడు. బస్సెక్కలేదు. స్టేషనుకెళ్లి, ఆ జర్మనీ కారు కనిపిస్తే ఆపమని బాపట్లకి, తెనాలికి ఫోన్లు చేశాడు.

సాయంత్రం బాపట్ల లాడ్జిలో వరప్రసాదం దొరికాడు. పాత్ర కారు సీటు కింద ఉంది. మెరుగు పెట్టించమని ఎజ్రాయే ఇచ్చాడని బుకాయించాడు.

రాజారత్నం అందరినీ చర్చిలో కూర్చోబెట్టాడు.

“కారు ఎక్కడిది?”

“జర్మనీదండి.”

“మరి వెనక ఐ.ఎన్.డి. ఎందుకు?”

“ఇండియా వస్తోంది కదండీ.”

“అది బస్సు బోర్డు కాదు, వెళ్లే ఊరు రాయడానికి. సరిహద్దు దాటే బండి తన సొంత దేశం పేరు మోయాలి. తెల్లదొరల కాలంలో మన బండ్లకి బి.ఐ. ఉండేది, బ్రిటిష్ ఇండియా అని. స్వాతంత్ర్యం వచ్చాక ఐ.ఎన్.డి. అయింది. జర్మనీవాళ్లు తమ దేశాన్ని డాయిచ్‌లాండ్ అంటారు. వాళ్ల బండికి ఒక్క డి ఉంటుంది. ఇప్పుడు చెప్పు.”

వరప్రసాదం అంతా ఒప్పేసుకున్నాడు. కారు బొంబాయిలో పాతసామాన్ల కొట్లో కొన్నాడట. బిళ్ల తనే రాయించాడట. ఎజ్రాని నీళ్లకి పంపి పాత్ర సంచిలో వేసుకున్నాడట.

రాజారత్నం టోపీ తీశాడు. సిగ్గుతో తల తీసేసినట్టుంది.

“ఇది ట్రైనింగులో నేర్చుకున్నదే. కారు చూసి మర్చిపోయాను. అందరి ముందూ కొట్టాను కాబట్టి అందరి ముందే అడుగుతున్నాను. క్షమించండి ఎజ్రాగారూ.”

ఎజ్రా లేచి నిలబడ్డాడు.

“మీరు నన్నెరగరు బాబూ, కొట్టారు. వీళ్లు ఎరుగుదురు. ముప్పయ్యేళ్లు నా చేతి మంచినీళ్లు తాగారు. ఆ రోజు ఒక్కరూ లేచి, ఎజ్రా అలాంటివాడు కాదనలేదు.”

ముందు వరసలో సంఘపెద్ద సుందరమ్మ టీచరు కొంగుతో మొహం కప్పుకుంది. మిగతావాళ్లు నేల చూపులు చూశారు.

ఎజ్రా పాత్రని తన పైపంచెతో తుడిచి బల్ల మీద పెట్టాడు. పక్కనే తాళంచెవి పెట్టాడు. కాంతమ్మ వెంట ఇంటికెళ్లిపోయాడు.

తర్వాతి ఆదివారం గంట మోగలేదు. తాళంచెవి బల్ల మీదే ఉంది. దాన్ని ముట్టుకునే మొహం ఎవరికీ లేకపోయింది.