డాక్టరు చూస్తే వచ్చే జబ్బు

"వచ్చిందా?"

"లేదండీ."

"ఆగండి, వస్తుంది."

ఇద్దరూ ఊపిరి బిగబట్టి చెక్క అలమర ముందు గొంతుక్కూర్చున్నారు. గొంతు గురించి వచ్చిన గొడవకి గొంతుక్కూర్చోవడమే పద్ధతి కాబోలు. కింది అరలో, బూట్ల పెట్టెకన్నా కాస్త పెద్దదైన నల్లటి డబ్బా, కడుపులో రెండు హార్డ్ డిస్కులు పెట్టుకుని, పాలు తాగిన పసిపిల్లలా నిద్రపోతోంది.

"మీరున్నంతసేపూ ఇలాగే నటిస్తుంది," అంది అమ్మాయి. "మీరటు వెళ్ళగానే మొదలెడుతుంది. గుర్ర్ర్... కట కట కట. ఎవరో నా గోడలో బఠాణీలు వేయిస్తున్నట్టు!"

అబ్బాయి కంప్యూటర్లు బాగుచేసే దుకాణంలో పనిచేస్తాడు. చచ్చిపోయిన డిస్కుల్లోంచి పెళ్ళి ఫోటోలు బతికించి తీస్తాడని అందరూ అతన్ని డాక్టరంటారు. అమ్మాయిది నోటితో చేసే ఉద్యోగం. కళ్ళు కనిపించనివాళ్ళ కోసం నవలలు చదివి రికార్డు చేస్తుంది. పడగ్గదే స్టూడియో. కిటికీకి దుప్పట్లు, తలుపుకి పాత పరుపు, గుమ్మం మీద ఎర్ర బల్బు. బల్బు వెలిగిందంటే వాళ్ళ నాన్నకి తుమ్మే హక్కు కూడా లేదు. పాపం, ఆయన రిటైరైన బస్సు కండక్టరు. ఉద్యోగమంతా గొంతు చించుకుని బతికిన మనిషి, ఇప్పుడు కూతురి కోసం ఈ వయసులో గుసగుసలు నేర్చుకుంటున్నాడు.

ఆ నల్ల డబ్బా ఇంట్లోకి రావడానికి కారణం కాఫీ. ఒకసారి ల్యాప్‌టాప్ మీద కాఫీ ఒలికింది. రికార్డింగుకి కాపీ లేదు. కాఫీ ఉండి, కాపీ లేక, ఓ నవల నవలంతా కొట్టుకుపోయింది. అమ్మాయి తిండి మానేసి ఏడ్చింది. అప్పుడు డాక్టరొచ్చి ఈ డబ్బా బిగించాడు. చదవడం అవగానే రికార్డింగు దీంట్లోకి రెండు కాపీలుగా వెళ్తుంది. పని లేనప్పుడు డిస్కులు నిద్రపోతాయి. చడీ చప్పుడూ ఉండదు.

"దీన్ని సర్వర్ అంటారు సార్," అని పరిచయం చేశాడు.

"సర్వరా? అయితే రెండు కాఫీలు చెప్పు బాబూ!" అన్నాడు నాన్న.

కాఫీ మీద జోకులు చెల్లే రోజులు కావవి. కూతురు గుర్రుగా చూసింది. డాక్టరు మాత్రం నవ్వాపుకోలేకపోయాడు. అది చూసి ఆమె కూడా, ఏడుపు మధ్యలో, ఫక్కున నవ్వింది. డాక్టరుకి జబ్బు చేసింది ఆ నిమిషంలోనే.

ఆయన్ని 'సార్' అనడంలోనూ ఓ మతలబుంది. బాబాయిగారూ అంటే అమ్మాయితో వరస చెడుతుంది. మావయ్యగారూ అంటే మనసు బయటపడుతుంది. సార్ అంటే ఏ సారమూ లేదు కనక క్షేమం.

"దీని ఆరోగ్యం నేను మా దుకాణం నుంచే చూసుకుంటానండీ," అన్నాడు వెళ్తూ వెళ్తూ. "మీకభ్యంతరమా?"

"దీని బాగోగులు చూసేవాళ్ళుంటే అంతకన్నానా," అందామె.

ఇప్పుడా బాగోగులే బాగాలేవు. రికార్డు చేస్తుంటే, సరిగ్గా కథ గుండెల్ని పిండే చోట, నిద్రపోవలసిన డిస్కు లేచి కూర్చుంటోంది. కథానాయకుడు కన్నుమూస్తుంటే వెనక బఠాణీలు. పుస్తకాల సంస్థావిడ ఫోన్లో కచ్చితంగా చెప్పేసింది: "ఈ నవల ఆఖరి అధ్యాయం కూడా ఇలా కటకటలతో పంపిస్తే, మీ గొంతెంత బావున్నా, వచ్చే నవల ఇంకో గొంతుకిచ్చేస్తాం."

"డబ్బా ఆపేసి చదవొచ్చుగా?" అనడిగాడు డాక్టరు.

"మళ్ళీ వెయ్యడం మర్చిపోతానండీ. నా సంగతి నాకు తెలుసు. మళ్ళీ ఏ కాఫీయో... అమ్మో, నావల్ల కాదు."

డాక్టరు అనుమానం ఉన్న ప్రోగ్రామునల్లా ఆపేశాడు. ఫైళ్ళ చిట్టా రాసుకునేదాన్ని ఆపాడు. బొమ్మలు సర్దుకునేదాన్ని ఆపాడు. వైరస్సుల కోసం గాలించేదాన్ని గదమాయించి ఆపాడు. సర్వరు చేసే సేవలన్నీ ఆగిపోయాయి, తన సేవ తప్ప. దాన్ని అనుమానించాలని అతనికి తట్టనే లేదు. దొంగ కోసం వెతికే పోలీసు తన జేబు తడుముకోడు కదా!

దుకాణానికెళ్ళి కూర్చున్నాడో లేదో, ఫోను. "మళ్ళీ మొదలైందండీ!"

పరుగెత్తుకెళ్ళాడు. నిశ్శబ్దం.

"ఒరేయ్ డాక్టరూ," అన్నాడు దుకాణం యజమాని. అతన్ని అందరూ అన్న అంటారు. "జబ్బు లేని రోగి మాటిమాటికీ డాక్టర్ని పిలిపించుకుంటోందంటే ఏంట్రా అర్థం? నువ్వెళ్తే చప్పుడుండదు, నువ్వొచ్చేస్తే ఉంటుంది! ఆ పిల్లకి నీ మీద మనసైందిరా మొద్దూ!"

"ఊరుకో అన్నా."

"నేనూరుకుంటాను. నీ మొహం ఊరుకోవట్లేదే? చూడు, ఎలా వెలిగిపోతోందో!"

డాక్టరు మొహం దాచుకోవడానికి పక్కనున్న స్క్రీన్ తెరిచాడు. ఆ ఇంటి సర్వరు పక్కన పచ్చటి దీపం. ఆరోగ్యంగా ఉంది. చూసుకుని, చిన్నగా నిట్టూర్చి మూసేశాడు. టీకి ముందొకసారి, టీ తర్వాతొకసారి అలా చూసుకోవడం అతనికలవాటు. టీలు కాస్త ఎక్కువగానే తాగుతాడు.

అన్న మాటలు బుర్రకెక్కాయి. మర్నాడు మళ్ళీ పిలుపు, మళ్ళీ నిశ్శబ్దం. డాక్టరు కొత్త ధైర్యంతో గోడకానుకుని నవ్వాడు.

"నిజం చెప్పండి. చప్పుడు డిస్కులోంచే వస్తోందా, లేకపోతే... నన్ను రప్పించడానికి మీరే తెప్పిస్తున్నారా?"

అమ్మాయి నవ్వలేదు.

"అంటే? నేను అబద్ధాలాడుతున్నానా?"

"అయ్యో, సరదాకి..."

"మీకు సరదా. నాకు నోటి దగ్గర కూడు. ఒకే అధ్యాయం చదివి చదివి నా గొంతు చూడండి, ఎలా బొంగురుపోయిందో. చప్పుడొస్తోందంటే మా నాన్న నమ్మాడు. నమ్మాల్సిన డాక్టరు మాత్రం నమ్మలేదు. వెళ్ళిరండి."

'వెళ్ళిరండి'లో 'రండి' మర్యాదకే ఉందని డాక్టరుకి అర్థమైంది.

గుమ్మం దగ్గర నాన్న చేతులూపుతూ గుసగుసగా అన్నాడు: "అది నవ్వితే భయం లేదు బాబూ. ఇలా మెల్లగా మాట్లాడితేనే భయం."

రెండ్రోజులు ఫోను లేదు. డాక్టరుకి టీ సహించలేదు. మానేయనూ లేకపోయాడు. మూడోనాటి మధ్యాహ్నం ఫోను మోగింది.

"మీరు రానక్కర్లేదు," అంది బొంగురు గొంతు. "ఇవాళ సాయంత్రంలోగా ఆఖరి అధ్యాయం పంపాలి. ఫోను అలమర దగ్గర పెడుతున్నాను. చెవులుంటే వినండి."

విన్నాడు. ఏమీ లేదు. వింటూ వింటూ, అలవాటు కొద్దీ, చెయ్యి వెళ్ళి పక్కనున్న స్క్రీన్ తెరిచింది.

ఫోనులో గుర్ర్ర్... కట కట కట.

"విన్నారా! ఇప్పుడేమంటారు?"

డాక్టరు స్క్రీన్ మూసేశాడు. కాసేపటికి చప్పుడు సద్దుమణిగింది. మళ్ళీ తెరిచాడు. కట కట కట. మూశాడు. ఆగింది.

తను పెట్టుకున్న ఆ ఆరోగ్యం స్క్రీను, తెరిచినప్పుడల్లా వెళ్ళి, నిద్రపోతున్న డిస్కుల్ని తట్టిలేపి, 'ఒంట్లో ఎలా ఉంది? జ్వరమేమైనా ఉందా?' అని అడిగి వస్తోంది. పరామర్శకొచ్చి రోగిని లేపి 'నిద్ర పట్టిందా' అని అడిగే చుట్టంలాగన్నమాట. తను ఆమె ఇంట్లో ఉన్నప్పుడు చప్పుడెందుకు రాదు? అక్కడతను చూసేది స్క్రీన్ని కాదు కనక!

అన్న భుజం మీంచి అంతా చూశాడు. పడీ పడీ నవ్వి, కళ్ళు తుడుచుకుని అన్నాడు: "నోరు మూసుకుని అది తీసెయ్. బాగుచేశానని చెప్పు. ఎవరికి తెలుస్తుంది?"

"అబద్ధమాడుతోందని నేనే అన్నానన్నా. ఆ మాట తన ఎదురుగానే వెనక్కి తీసుకోవాలి."

అన్న నవ్వు ఆపేశాడు. "అయితే బండి తీసుకెళ్ళు. వాన పడేలా ఉంది," అన్నాడు.

వాన పడింది. తడిసి ముద్దయిన డాక్టరు గుమ్మంలో నిలబడి, ఊపిరి తీసుకోకుండా చెప్పేశాడు.

"దొంగ దొరికాడండీ. నేనే. అక్కడ నేను చూసినప్పుడల్లా ఇక్కడ మోగుతోంది. డిస్కుల వేడి, ఆరోగ్యం తప్ప అందులో ఇంకేమీ కనిపించదు, ఒట్టు. అయినా తప్పు నాదే. మిమ్మల్ని నమ్మకపోవడం ఇంకా పెద్ద తప్పు. దాన్ని పూర్తిగా తీసేశాను."

అమ్మాయి అతన్ని పైనించి కిందిదాకా చూసింది. కోపం రావాలి. వచ్చింది కూడా.

"నా గొంతు పోయింది మీ చూపులకా!"

"అవునండీ."

"ఆ ఫోనిలా ఇవ్వండి. నాన్నా, ఇది నీ దగ్గరుంచు. మీరు ఆ మూల కూర్చోండి. నేను చదవడం అయ్యేదాకా కదలడానికి వీల్లేదు. చప్పుడొచ్చిందో, మీ పని చెప్తాను!"

ఎర్ర బల్బు వెలిగింది. వేడినీళ్ళు గుక్కెడు తాగి ఆమె మొదలుపెట్టింది. బొంగురు గొంతులోంచే ఓ ముసలి నావికుడు మాట్లాడాడు, అతని మనవరాలు మాట్లాడింది, సముద్రం మాట్లాడింది. డిస్కు కిక్కురుమనలేదు. తడిబట్టల్లో వణుకుతూ డాక్టరు కూడా కిక్కురుమనలేదు. బయట నాన్నకి తుమ్మొచ్చి, ముక్కు పట్టుకుని వీధిలోకి పరుగెత్తాడు.

ఆఖరి వాక్యం అయిపోయింది. బల్బు ఆరింది. అధ్యాయం సంస్థకి వెళ్ళింది. ముగ్గురూ ఫోను ముందు అరగంట కాచుక్కూర్చున్నారు. తర్వాత జవాబొచ్చింది: "శుభ్రంగా ఉంది. ఆ బొంగురు గొంతు ముసలి నావికుడికి భలే కుదిరింది. వచ్చే నవల మీకే."

నాన్న ఇన్నాళ్ళ గుసగుసలూ ఒక్కసారే తీర్చుకుంటూ ఇల్లదిరేలా అరిచాడు. కండువా తెచ్చి డాక్టరు తల మీద వేసి, "తుడుచుకో బాబూ, జలుబు చేస్తుంది," అని వంటింట్లోకి తప్పుకున్నాడు. అక్కడాయనకి పనేమీ లేదు.

అమ్మాయి మైకు పక్కకి జరిపింది.

"ఒక్క మాట అడుగుతాను. మీ దుకాణంలో సర్వర్లు చాలానే ఉంటాయిగా. అన్నిటినీ ఇలాగే చూస్తారా?"

"లేదండీ. మిగతావాటికి ఏదైనా అయితే మెసేజీ వస్తుంది. అప్పుడు చూస్తాను."

"మరి మాది? ఏమీ అవలేదుగా?"

డాక్టరు కండువాలో మొహం దాచుకున్నాడు. కండువా లోపల్నించి మాట వచ్చింది. "దానికేం అవలేదండీ. అయింది నాకు."

"చూడాలనిపిస్తే," అందామె, ఇప్పుడా గొంతులో బొంగురు తప్ప కోపం లేదు, "అంత దూరం నించి తట్టి లేపడమెందుకు? నేరుగా వచ్చి చూడొచ్చుగా. సాయంత్రాలు నేను రికార్డింగు పెట్టుకోను."

కండువా చటుక్కున కిందికి దిగింది. "అయితే... రేపు సాయంత్రం రానా?"

ఆమె కిటికీకున్న దుప్పటి పక్కకి లాగింది. వాన వెలిసి, వీధిలో ఇంకా బోలెడంత వెలుతురుంది.

"ఇవాళ్టి సాయంత్రం మీకేం అడ్డొచ్చింది?" అంది.