హోహేపా తల దగ్గరి దువ్వెన

హోహేపా శవాన్ని వంశం వాళ్ల కూటమి మందిరమైన మరాయేకి తెచ్చిన మర్నాడు, మధ్యాహ్నం భోజనాలకు గంట కొట్టిన వేళ దువ్వెన పోయింది.

అది తిమింగలం ఎముకతో చేసిన దువ్వెన. వంశంలో మొదటి పెద్దాయన తన జుట్టుముడిలో గుచ్చుకున్నది. పవిత్రమైన తలను తాకిన వస్తువు కాబట్టి దాన్ని వంటింటి దరిదాపులకు తీసుకురారు. తిండి ముట్టిన చేత్తో తాకరు. ఎవరైనా పోయినప్పుడు మాత్రం పెట్టెలోంచి తీసి, మంత్రం చదివి, మూత వేసేదాకా శవపేటికలో తల పక్కన ఉంచి, తర్వాత మళ్లీ దాచేస్తారు. ఇన్నేళ్లూ ఆ మంత్రం చదివినవాడు, అది వచ్చినవాడు హోహేపా ఒక్కడే. ఈసారి అతనే పోయాడు. అక్క పిరిహిరా తనకు వచ్చిన మామూలు ప్రార్థనతోనే సరిపెట్టి, దువ్వెనను తమ్ముడి తల పక్కన పెట్టింది.

పొద్దున ఆమె సంతాపానికి గుర్తుగా తలకు ఆకుల దండ చుట్టుకుని, పేటిక పక్కన చాప మీద కూర్చుని, వాళ్ల ఆచారం ప్రకారం పోయినవాణ్ణి ఆటపట్టిస్తూ వచ్చినవాళ్లతో నవ్వుతూనే ఉంది.

"చూడండి వీణ్ణి, పనుంటే చాలు కళ్లు మూసేసుకుంటాడు. చిన్నప్పట్నుంచీ ఇంతే. లేవరా, బంగాళాదుంపలు చెక్కాలి!"

మధ్యాహ్నం ముఖం కడుక్కుని తిరిగొచ్చేసరికి తల పక్కన చోటు ఖాళీగా ఉంది. ఆమె అరవలేదు. చోటును అరచేత్తో తడిమి, కొడుకు వరసయ్యే కరైతియానాను పిలిచింది.

"కరా! మీ మామయ్య తల బోసిగా ఉందిరా."

కరైతియానా ఆమెకు చెల్లెలి కొడుకే అయినా, తల్లి పోయాక పెంచింది మామయ్యే. కొడుకు చెయ్యాల్సినవన్నీ చేస్తున్నది కూడా అతనే. ఏం ఉద్యోగమంటే పోర్టులో గుమాస్తా అని చెబుతాడు. నిజానికి వంశాల వస్తువులను దేశం దాటించే ముఠాల మీద నిఘా పెట్టిన రహస్య విభాగంలో ఏజెంటు.

బయటికొచ్చి ఫోన్ తీశాడు.

"దువ్వెన పోయింది సార్."

"తెలుసు," అన్నాడు చీఫ్ మాల్కమ్. "టూయీ తీసింది. మేమే తియ్యమన్నాం."

టూయీ అన్నది రిపెకా రహస్యపేరు. పిరిహిరా కూతురు, కరైతియానాకు అక్క వరస. ఆక్లండ్‌లో వేలం సంస్థలకు పాత వస్తువుల విలువ కట్టే నిపుణురాలు. ఆమె ముఠాలో చేరి కబుర్లు ఇటు చేరవేస్తున్నదని విభాగంలో చాలా తక్కువమందికి తెలుసు.

"మా మామయ్య తల పక్కనుంచా సార్?"

"ఎర లేకుండా చేప పడుతుందా? దువ్వెన పంపే పెట్టెలో, అదెక్కడుందో చెప్పే సిగ్నల్ పూస అమర్చాం. కొనేవాడు లాంబ్రెక్ట్ స్వయంగా వచ్చాడు. సాయంత్రం విమానంలో వెళ్తున్నాడు. సరుకుతో సహా పట్టుకో."

"రేపు పొద్దున పేటిక మూసేస్తారు."

"మూసేలోపు తెచ్చి పెట్టు. బాధలేమైనా ఉంటే రిపోర్టులో రాద్దువుగాని."

కరైతియానా ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. లోపలికి వెళ్లి పెద్దమ్మకు ఒక్క మాట చెప్పాడు. "మూత పెట్టేలోపు తెస్తాను."

"తేకపోతే మొహం చూపించకు," అందామె.

* * *

ఆక్లండ్ ఎయిర్‌పోర్టులో అతను కస్టమ్స్ యూనిఫారం, పెట్టుడు మీసం, మందపాటి కళ్లద్దాలతో నిలబడ్డాడు. చేతి గడియారంలా కనిపించే రిసీవర్ మీద పచ్చచుక్క కార్గో షెడ్డును చూపిస్తోంది. చెక్కపెట్టె పగలగొట్టించాడు. లోపల సిగ్నల్ పూస ఉంది. దాని పక్కన పర్యాటకులకు అమ్మే ప్లాస్టిక్ దువ్వెన ఉంది.

డిపార్చర్ హాల్లో లాంబ్రెక్ట్ బూడిదరంగు సూటులో, మంచి మర్యాదస్తుడిలా కనిపించాడు. అతని పక్కనే నల్ల సిల్కు గౌనులో, ఎర్ర లిప్‌స్టిక్‌తో రిపెకా ఉంది. పొద్దున మరాయేలో నెత్తిన ఆకుల దండతో ఏడ్చిన మనిషి ఆమే అంటే ఎవరూ నమ్మరు.

ఆమె రిబ్బను కొనే వంకతో అతని పక్కనున్న దుకాణం దగ్గరికి వచ్చింది.

"పెట్టెలో లేదు," అన్నాడతను పెదవి కదలకుండా.

"అయ్యో! నన్నూ మోసం చేశాడు తమ్ముడూ. వాడి ఒంటి మీదే ఉండుంటుంది. వెతికించు."

వెతికించాడు. కోటు, బూట్లు, చేతికర్ర, సూట్‌కేసు అడుగు, అన్నీ చూశారు. లాంబ్రెక్ట్ చేతులెత్తి నిలబడి చిరునవ్వు నవ్వాడు.

లాంబ్రెక్ట్ సామానులో మిగిలింది ఒక తెల్ల బకెట్టు. తీతీ అనే సముద్రపు పక్షులను ఉప్పువేసి, వాటి కొవ్వులోనే ముంచి నిలవచేసిన బకెట్టు. అలాంటివి మరాయే వంటింట్లో దొంతరగా ఉన్నాయి. చావింటికి వచ్చేవాళ్లు తెచ్చే తిండే అది. స్కానర్ కింద పెడితే ఎముకలు కనిపించాయి.

"పక్షులే సార్," అన్నాడు స్కానర్ దగ్గరున్నతను. "అబ్బ, కంపు! మా ఆవిడైతే ఇంటి బయటే వండమంటుంది."

"పంపించు," అన్నాడు కరైతియానా. తిండి బకెట్టు గురించి ఇంకో క్షణం ఆలోచించాలని కూడా అతనికి తట్టలేదు.

బకెట్టు బెల్టు మీదికెక్కింది. రిపెకా కాస్త దూరంగా జరిగి, మంచినీళ్ల సీసా మూత తీసింది. తాగలేదు. చేతుల మీద పోసుకుంది. తర్వాత తడిచేతిని విదిల్చి, నాలుగు చుక్కలు నెత్తిన, భుజాల మీద చల్లుకుంది.

కొవ్వు అంటితే సబ్బుతో కడుక్కుంటారు. నెత్తిన నీళ్లు చల్లుకునేది మాత్రం చావు మైల వదిలించుకోవడానికి, శ్మశానం గేటు దాటేటప్పుడు.

ఆ బకెట్టులో ఉన్నది తిండి ఒక్కటే కాదని కరైతియానాకు అప్పుడు తట్టింది. బెల్టు చివర రబ్బరు పరదాలు ఊగుతున్నాయి. బకెట్టు సగం లోపలికి పోయింది. పరుగెత్తి, బెల్టు మీద బోర్లాపడి, పిడి పట్టుకుని వెనక్కి లాగాడు. మూత ఊడదీశాడు. చెయ్యి పెట్టక తప్పదు. పెట్టాడు. మోచేతి దాకా చల్లని కొవ్వు, ఈకల మొదళ్లు, వేళ్లకు జారిపోతున్న చర్మాలు. అడుగున మైనపు గుడ్డ చుట్ట తగిలింది. గుడ్డ చిరిగి, దువ్వెన పళ్ల సందుల్లోకి కొవ్వు దూరింది.

పక్కనే ఉన్న చెత్తడబ్బాలో వాంతి చేసుకున్నాడు.

ఇద్దరు అధికారులు లాంబ్రెక్ట్‌ను పట్టుకున్నారు. అతనికి కోపం రాలేదు.

"అపార్థం చేసుకోకండి," అన్నాడు. "నాకు ఎముక కావాలంటే ఎక్కడైనా దొరుకుతుంది. అది ఎవరి తలను తాకిందో, దాన్ని ఎందుకు ముట్టరో అంతా ఈవిడ వివరంగా చెప్పారు. నేను కొన్నది ఆ పవిత్రతనే. మీకంటే ఎక్కువ గౌరవిస్తాను."

"పక్షుల కొవ్వులో ముంచి గౌరవించావా?"

"ఆ ఆలోచన ఆవిడది."

కరైతియానా అక్క వైపు తిరిగాడు. అతని చేతినుంచి కొవ్వు బొట్లుబొట్లుగా కారుతోంది.

"నువ్వు అందులో వెతకవని తెలుసు తమ్ముడూ," అంది రిపెకా. "మనవాళ్లెవరూ వెతకరు. అందుకే."

"మరి చేతులెందుకు కడుక్కున్నావక్కా?"

ఆమె తన తడిచేతుల వైపు చూసుకుంది. సంకెళ్లు వేసేటప్పుడు మణికట్లు తనే ముందుకు చాపింది.

* * *

మర్నాడు పొద్దున అతను మరాయేకి చేరేసరికి పేటిక మూత చేతుల్లో పట్టుకుని నలుగురు నిలబడి ఉన్నారు. పిరిహిరా వాళ్లను ఆపి కూర్చుంది.

"దొరికిందా?"

"దొరికింది పెద్దమ్మా."

"ఇటివ్వు."

అతను ఇవ్వలేదు. గుమ్మం దాటలేదు. కడిగి తుడిచాడు కాబట్టి ఏమీ చెప్పకుండా ఇచ్చెయ్యవచ్చు. దువ్వెన చూడ్డానికి శుభ్రంగానే ఉంది. అతని చేతికి మాత్రం ఇంకా వాసన వస్తోంది.

"తీతీ బకెట్టులో దాచారు," అన్నాడు. "కొవ్వులో."

చాపిన చెయ్యిని ఆమె ఒళ్లోకి తీసుకుంది.

"పరాయివాడికి ఆ బుద్ధి పుట్టదురా," అంది. "రిపెకా ఏది?"

అతను తల వంచుకున్నాడు. ఆమె పేటిక మీదికి వంగింది. తమ్ముడి ముక్కుకు ముక్కు ఆనించి, నుదుటి మీద నుదురు పెట్టింది.

"విన్నావుగా తమ్ముడూ. దీన్ని మళ్లీ శుద్ధి చెయ్యగలిగినవాడివి నువ్వొక్కడివే. పడుకున్నావు." ఈసారి ఎవరూ నవ్వలేదు. "ముయ్యండి."

మూత పడింది.

శ్మశానం నుంచి తిరిగొస్తూ గేటు దగ్గర కరైతియానా అందరితోపాటు చేతులు కడుక్కుని నెత్తిన నీళ్లు చల్లుకున్నాడు. జేబులో ఫోన్ మోగింది. చీఫ్ సందేశం. "లాంబ్రెక్ట్ నోరు విప్పాడు. అద్భుతమైన పని. వస్తువు సురక్షితంగా సొంతదారులకు చేరింది. ఫైలు మూసేశాం."

దువ్వెనను కొత్త గుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టి, మరాయే వెలుపల చూరు కింద దూలానికి కట్టారు. లోపలికి తేలేరు, పారెయ్యనూ లేరు. దాని మీద చదవవలసిన మంత్రం ఇంకా ఎవరూ చదవలేదు.