గాలి తీసినా కుంగని బండి

రొయ్యల గుంటలో ఫ్రెడ్డీ శవం తేలిన రోజునే రూఫస్‌కు పిలుపు వచ్చింది.

తాగి పడిపోయాడని విడవలూరులో అనుకున్నారు. ఫ్రెడ్డీకి కల్లు వాసన కూడా పడదు. పైగా మెడ మీద సూది గుర్తు. అతను మెకానిక్ వేషంలో ఉన్న ఏజెంట్ అని చాలా కొద్దిమందికే తెలుసు. ఆ కొద్దిమందిలో ఎవరో నోరు జారారు.

డిపార్ట్‌మెంట్ చీఫ్ జయశీల సంతాపాలకు టైమ్ కేటాయించే మనిషి కాదు.

"ఫ్రెడ్డీ కుర్చీ ఖాళీ అయింది. నువ్వు కూర్చో."

"దాని కింద ఏం బాంబుందో చెబుతారా మేడమ్?"

"కెప్టెన్ లోమాక్స్."

ఆ పేరు చాలు. ఏ దేశం డబ్బిస్తే ఆ దేశానికి పనిచేసే విదేశీ ముఠాకు అతను నాయకుడు. ఇప్పుడు అతనికి ఇసుకలో పరుగెత్తే ఆఫ్‌రోడ్ బండి కావాలి. పైకి చెప్పేది బీచ్ ర్యాలీ. అసలు సరుకు ఓ జామర్. కోడూరు తీరంలో పడవలోంచి దించుకుని, చెక్‌పోస్టులున్న రోడ్డు ఎక్కకుండా ఇసుక మీదే రేవు దాకా మోసుకుపోతాడు. అక్కడ స్విచ్ నొక్కితే ఓడల నావిగేషన్ పిచ్చెత్తుతుంది. లోపలికొచ్చే గ్యాస్ ఓడ గట్టుకు గుద్దుకుంటుంది. రేవు పక్కనున్న ముత్తుకూరులో ఆ తర్వాత ఏడవడానికి కూడా ఎవరూ మిగలరు.

"దారిలో ఎటాక్ చేస్తే?"

"స్విచ్ అతని ఒళ్ళోనే ఉంటుంది. ఖాకీ రంగు కనబడితే నొక్కేస్తాడు. రేవు దాకా పోకపోయినా ఏదో ఒక ఓడ మునుగుతుంది."

"ఇంజన్ ఆపేస్తే?"

"ఇంజన్ ఆగితే అనుమానపడతాడు. ఇసుకలో కూరుకుపోతే తన ఖర్మ అనుకుంటాడు, దిగి చక్రం చూసుకుంటాడు. సరుగుడు తోపు దగ్గర వలలు బాగుచేసుకునే జాలర్లు ఉంటారు. అందరూ మన కమాండోలే. వెనక సస్పెన్షన్ ఏది వేస్తే బండి మన మాట వింటుందో నువ్వు తేల్చు."

అలా రూఫస్ ముత్తుకూరులో, లోమాక్స్ బండి పని ఒప్పుకున్న మహబూబ్ బాషా షెడ్డులో వెల్డరుగా చేరాడు. బాషాకు అరవై దాటాయి. కొత్తగా వచ్చినవాణ్ణి నమ్మడానికి ఆయనకు ఒక టీ పట్టేంత సేపు చాలు. గూఢచారికి అంతకంటే మంచి యజమాని దొరకడు. అంతకంటే ప్రమాదకరమైన యజమాని కూడా దొరకడని రూఫస్‌కు అప్పటికి తెలియదు.

లోమాక్స్ వచ్చిన రోజు అతని వెంట షాహిస్తా ఉంది. నల్ల కళ్ళద్దాలు, షెడ్డులోని గ్రీజు కంపును తరిమేసే సెంటు. ఆమె తన మనిషేనని లోమాక్స్ నమ్మకం. నిజానికి ఆమె జయశీల మనిషి. ట్రైనింగ్‌లో రూఫస్ పక్క బెంచీ ఆమెదే. ఆమె అంటే అతనికి ప్రాణం. ఈ ఉద్యోగంలో బయటికి చెప్పకూడని విషయాల్లో దాన్నీ కలిపేసి నోరు మూసుకున్నాడు.

రూఫస్ మూడు రకాల సస్పెన్షన్లు నేల మీద పరిచి ఇంగ్లీషులో బ్రీఫింగ్ ఇచ్చాడు. ఇనప పట్టీల కమాను కట్టలు ఎంత బరువైనా మోస్తాయి, కానీ లోపలి సున్నితమైన వస్తువును కుదిపి చంపుతాయి. కాయిల్ స్ప్రింగులు మెత్తన, కానీ ఈ బరువుకు నడుం వంచేస్తాయి. మూడోది ఎయిర్ బ్యాగులు. రబ్బరు సంచుల్లో బరువుకు తగ్గ గాలి పట్టిస్తే బండి ఒడిదుడుకులు లేకుండా పోతుంది.

"ఎయిర్," అన్నాడు లోమాక్స్. తనంతట తానే ఎంచుకున్నానని గర్వంగా అన్నాడు. ఫోన్ మోగితే బయటికి నడిచాడు.

షాహిస్తా పానాల పెట్టెలోకి తొంగిచూస్తూ అడిగింది. "నిన్నటి పులుసు మిగిలిందా?"

"మిగిలింది. మామిడికాయ ముక్కే లేదు."

కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "తోపు దాటకముందే ఆగుతుందిగా?"

రూఫస్ జేబులోంచి కొలత టేపు తీసి చూపాడు. అందులో రిమోట్ ఉంది. "దీన్ని నొక్కితే బ్యాగుల్లో వాల్వులు తెరుచుకుంటాయి. గాలి పోతుంది, ఇరుసు ఇసుకలో దిగబడుతుంది. అతను దిగగానే నువ్వు తల వంచుకో. అంతే."

"ఫ్రెడ్డీ కూడా ఇట్నే అన్నాడు, అంతే అని."

"షాహీ, బండి ఆగుతుంది. నా మాట."

ఆమె కళ్ళద్దాలు తీసి ఒక్కసారి అతని వైపు చూసి, మళ్ళీ పెట్టుకుని వెళ్ళిపోయింది.

బాషాకు మాత్రం ఆ సెలెక్షన్ మింగుడుపడలేదు. "గాలిని నమ్మి బరువెక్కిస్తారా ఎవురైనా? టన్ను అన్నోడు రెండేస్తాడు ఈ సీమలో. రొయ్యల బండోడైనా, ఐసు బండోడైనా, నిజం బరువు చెప్పినోణ్ణి నేను జూళ్ళా. లోపల ఒక కమాను పట్టీ ఏసి పంపిద్దాం అబ్బయ్యా. ఇక్కడ ఎవుర్నీ అడిగి ఎయ్యం."

"ఈ బండికి వద్దన్నా. పార్టీ ఒప్పుకోదు."

"సరేలే."

అబద్ధాన్ని ఎదుటివాడి కనురెప్పల్లోనే పట్టేయగల రూఫస్ ఆ సరేలేను నమ్మేశాడు.

కమాండోలతో రిహార్సల్ చూసుకోవడానికి అతను కోడూరు వెళ్ళిన రోజే లోమాక్స్ ముందుగా వచ్చి బండి తీసుకుపోయాడు. రూఫస్ తిరిగొచ్చేసరికి బాషా సబ్బుతో చేతులు కడుక్కుంటున్నాడు. "నువ్వు లేకపోతే ఏం, అంతా నేను జూసి పంపించినాలే," అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు ఎందుకో రూఫస్ అడగలేదు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం. లుంగీ, తలపాగాతో రూఫస్ వల ముందేసుకుని కూర్చున్నాడు. బండి వచ్చింది. స్టీరింగ్ దగ్గర షాహిస్తా, పక్కన లోమాక్స్, వెనక టార్పాలిన్ కింద జామర్.

రూఫస్ టేపు నొక్కాడు.

బ్యాగులు బుస్సుమన్నాయి. బండి వెనక భాగం రెండు వేళ్ళ మందం దిగింది. అక్కడే నిలబడి హాయిగా ముందుకు సాగింది.

మళ్ళీ నొక్కాడు. లాభం లేదు. బండి ఒక గుంట దాటుతూ వెనక భాగం పైకి లేచినప్పుడు, బ్యాగుల పక్కన కొత్తగా నల్ల రంగేసిన కమాను పట్టీ తళుక్కుమంది. గాలి మోయాల్సిన బరువంతా అది మోస్తోంది.

"ఎంత పని చేసినావు బాషన్నా!"

లేచి పరుగెత్తాడు. తోపు వెనకబడింది, కమాండోలు వెనకబడ్డారు. ముందు మిగిలింది ఉప్పుటేరు, దాని అవతల రేవు. బండి బ్రేకు లైటు ఒకసారి వెలిగి ఆరింది. ఆగుతుందన్న బండి ఆగలేదని ఆమెకు అర్థమైంది. రూఫస్ మాట అబద్ధమైందని కూడా అర్థమై ఉంటుంది. ఆ ఆలోచన అతన్ని కత్తిలా కోసింది.

ఏటి దగ్గర బండి లోతు తక్కువున్న దాటు వైపు తిరగాలి. షాహిస్తా లోతు వైపు తిప్పింది.

లోమాక్స్ తుపాకీ పేలింది. బండి ముక్కు ముంచి ఏట్లోకి దూకింది. రూఫస్ ఈదుకుంటూ చేరేసరికి లోమాక్స్ మెడలోతు నీళ్ళలో స్విచ్ నొక్కుతున్నాడు, నొక్కుతూనే ఉన్నాడు. ఉప్పునీళ్ళు తాగిన జామర్ ఉలకలేదు. రేవు ముఖద్వారంలో గ్యాస్ ఓడ తన దారిన తాను లోపలికి పోయింది. కమాండోలు కెప్టెన్‌ను జుట్టు పట్టి లాగారు. షాహిస్తాను రూఫస్ ఒక్కడే ఎత్తుకొచ్చాడు. ఆమెలో ప్రాణం లేదు.

"మిషన్ సక్సెస్," అంది జయశీల. "కానీ సస్పెన్షన్ ఎందుకు ఫెయిలైంది?"

"ఫెయిల్ కాలేదు మేడమ్. అదే వచ్చిన చిక్కు."

"ఆ మెకానిక్‌ను లోపలెయ్యమంటావా?"

"ఏ నేరం కింద? పని బాగా చేసినందుకా?"

కోటమిట్టలో ఉన్న షాహిస్తా తల్లి నూర్‌బీకి కూతురు బీచ్ ర్యాలీలో ప్రమాదానికి గురైందని చెప్పారు. దేశం కోసం పోయిందని చెప్పుకునే భాగ్యం కూడా ఆ తల్లికి దక్కనివ్వలేదు. రూఫస్‌కు డిపార్ట్‌మెంట్ మీద, తన మీద, ఈ లోకం మీద అసహ్యం వేసింది.

సామాను తీసుకుందామని షెడ్డుకు వెళ్తే బాషా టీ చేతికిచ్చాడు.

"మంచి పిల్ల పొయ్యిందంట గదా, పాపం. అల్లా ఇష్టం." తన గ్లాసులో టీ ఊదుకున్నాడు. తర్వాత ఆపుకోలేకపోయాడు. "బండిని ఏట్లోంచి తీసిన క్రేనోళ్ళు చెప్పినారు అబ్బయ్యా, బ్యాగులు రెండూ చచ్చిపొయినా బండి కుంగలేదంట. నీకు చెప్పకుండా నేనే ఏసినా పట్టీ. నా షెడ్డులో నీ మొదటి బండి గదా, నీ పేరు పోగూడదని."

నిజం చెబితే ఈ ముసలాయన బతికినంత కాలం నిద్రపోడు. రూఫస్ టీతో పాటు ఆ నిజాన్నీ మింగేశాడు.

"అట్టాంటిది ఇంకోటి చేద్దామా?" అన్నాడు బాషా ఉత్సాహంగా.

"చేద్దాం అన్నా. ఈసారి కొంచెం నాసిరకంగా చేద్దాం."

బాషా పగలబడి నవ్వాడు. రూఫస్ జోకులంటే ఆయనకు మొదటినుంచీ ఇష్టమే.